చౌక కానుక

డిసెంబరు నెల ప్రవేశించుసరికి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందలి కొన్ని పాఠశాలలలో నొక చిన్న యాట మొదలగును. తరగతిలోని పిల్లలందఱి పేర్లును వేఱువేఱు చీటీలపై వ్రాసి, మడిచి, ఒక డబ్బాలో వేయుదురు. ఒక్కొక్క బిడ్డయు వచ్చి యొక్కొక్క చీటీ తీయును. అందెవ్వరి పేరు వచ్చునో వారే యా బిడ్డకు క్రిస్మస్ స్నేహితులు. ఆ పేరును రహస్యముగ నుంచుకొని, సెలవు లిచ్చుటకు ముందుదినమున వారికొక కానుక నీయవలెను. క్రైస్తవుల పిల్లలే కాక తక్కిన మతములవారి పిల్లలును ఈ యాటలో సంతోషముతో పాల్గొందురు. చూచువారికిది ముచ్చటగానే యుండును. కాని చీటీ తీసిన బిడ్డ సాయంకాల మింటికి వచ్చి "అమ్మా, నేనొక కానుక కొనవలె"నని చెప్పినప్పుడు ఆ మాట యన్ని యిండ్లలోను ఒక్క తీరున వినబడదు.

ఈ రెండు పట్టణములును పూర్వపు కృష్ణాజిల్లాలోని మెట్టసీమలోనివి; 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఇది డెల్టా కాదు; నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు పండించుకొను నేల. క్రిస్మస్ నాటికి ప్రత్తితీత సాగుచుండును. ఒక్క తరగతిగదిలో బజారున దుకాణము గలవాని కుమార్తెయు, సిమెంటు కార్ఖానాలో నుద్యోగము చేయువాని కుమారుడును, చేలకు కూలికి పోవు తల్లి బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుందురు. మన దేశమున పాఠశాల చేసిన గొప్ప మేలులలో నిది యొకటి. చీటీల డబ్బా యీ మువ్వురను ఒక్క తీరుగనే చూచును. కానుక కొనుటకు బజారునకు పోయినప్పుడే తేడా బయలుపడును.

కొందఱు ఉపాధ్యాయు లీ చిక్కును గ్రహించి, కానుక వెల యింతకు మించరాదని కట్టడి చేయుచున్నారు. ఈ కట్టడిని గూర్చి పెద్దలు సాధారణముగ ననుకొను దేమనగా, ఇది పేదపిల్లల నిమిత్తమై చేసిన సర్దుబాటు, కలవారు కొంచెము తగ్గవలసియున్నది, వేఱు దారి లేదు, అని. నాకట్లు తోచదు. బడిస్నేహితుల నడుమ కానుక చౌకగా నుండుట పేదఱికముపై చూపెడు దయ గాదు. స్నేహము స్నేహముగా నిలుచుటకే యది కావలసియున్నదని నా యభిప్రాయము. కలవారి పిల్ల లిరువురి నడుమ నైనను ఇదియే మాట చెప్పుదును.

దానమనగా నేమో మన మెఱుగుదుము. ఇచ్చువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. తిరిగి యియ్యనక్కఱలేదు; కోరుటయు తప్పు. కానుక యన్నమాటకు పూర్వము వేఱొక నడక యుండెడిది. అది దేవునికి మ్రొక్కి చెల్లించునది, జమీందారుని దర్శనమునకు పోవునప్పుడు పట్టుకొని పోవునది. అనగా క్రిందినుండి పైకి పోవునది. చెలికాండ్ర నడుమ నిచ్చిపుచ్చుకొనునది యీ రెండింటిలో నేదియు గాదు. దానికి మన పెద్దలు ప్రత్యేకముగ పేరు పెట్టలేదు గనుక మనమును కానుక యనియే పిలుచుచున్నాము. ఫ్రాన్సు దేశపు పండితుడు మార్సెల్ మోస్ 1925లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసమున, అనేక జాతుల యాచారములను పరిశీలించి, కానుక వెంట మూడు విధు లంటియుండునని చూపెను: ఇయ్యవలెను, పుచ్చుకొనవలెను, తిరిగి యియ్యవలెను. మన గృహిణుల కీ సంగతి చెప్పుటకు ఫ్రెంచి పండితు డక్కఱలేదు. పెండ్లిపందిరిలో చదివింపుల పట్టీ వ్రాయుట యెందులకో వా రెఱుగుదురు. ఎవ రెంత పెట్టిరో చూచుకొని, వారింట శుభకార్యమైనప్పుడు తక్కువ గాకుండ పెట్టుటకే కదా. ఆ పట్టీలో బరువైన పద్దు గలవారి యింటికి మనము ఇష్టముతో పోవుదుమా, భయముతో పోవుదుమా యన్నది యెవరికి వారు చెప్పుకొనవలసిన మాట.

పిల్లలు పట్టీలు వ్రాయరు. అంతమాత్రమున వారి మనస్సులలో పద్దులు లేవనుకొనరాదు.

బడిస్నేహమును తలచుకొన్నప్పుడు మనకు వెంటనే కుచేలుడు జ్ఞప్తికి వచ్చును. సాందీపని యొద్ద కృష్ణునితో కలిసి చదువుకొన్నవాడు, చినిగిన వస్త్రపు కొంగున పిడికె డటుకులు మూటగట్టుకొని ద్వారకకు పోయినవాడు. ఈ కథను మనవారు భక్తికి దృష్టాంతముగ చెప్పుదురు. సహపాఠుల కథగ చదివినచో నందు మఱి రెండు సంగతులు కనబడును. తెచ్చిన యటుకులను కుచేలుడు బయటికి తీయలేకపోయెను. స్నేహితుని వైభవము చూచిన పిదప అతని చేయి ముందుకు రాలేదు. కృష్ణుడే యడిగి, మూట లాగి, తినెను. ఇది మొదటిది. రెండవదానిని మనము తఱచుగ గమనింపము. కృష్ణుడు కుచేలునకు సంపద నిచ్చెనుగాని యెదుట నియ్యలేదు. పేదబ్రాహ్మణుడు వట్టిచేతులతోనే తిరుగుప్రయాణ మయ్యెను. ఇంటికి పోయిన పిమ్మటనే తన యింట జరిగిన మార్పు నతడు చూచెను. అంతటి యీవిని సభలో నెదుట బెట్టి యుండినయెడల ఆ యిరువురు మఱల సాందీపని శిష్యులుగ మాటలాడుకొనగలిగి యుందురా?

మన తరగతిగదులలో మేడయింటి కానుకయు, అటుకుల మూటయు ఒక్క బల్లమీదనే పెట్టి, అందఱియెదుట విప్పించుచున్నాము. అటువంటిది యొక్కటి నే నెఱిగినది చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట ఈ ప్రాంతపు పాఠశాల యొకదానిలో, ఏడవతరగతి చదువుచున్న బాలిక కొక వర్తకుని కుమార్తె పేరు వచ్చినది. తల్లి ప్రత్తితీతకు పోవునది. ఆమె మేస్త్రి యొద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, బిడ్డ కోరిన మెఱుగుల పెన్సిలు పెట్టె కొనియిచ్చెను. విప్పిన బాలిక దానిని చూచి "ఇట్టిది నా యొద్ద నున్నదే" యనెను. ఆమె మాటలో కల్మష మేమియు లేదు, ఉన్నమాట చెప్పినది. ఆ దినముననే కూలివాని బిడ్డకు వేఱొకరినుండి యెంతో వెలగల బొమ్మ వచ్చినది. దాని నింటికి తీసికొని పోగా తల్లి యటునిటు త్రిప్పిచూచి, "వచ్చే యేడు మన మెంత పెట్టాలో" అనెను. బొమ్మ చాలదినములు గూటిలోనే యుండెను. ఇందులో తప్పు చేసినవా రెవరని విచారించిన నెవరును చిక్కరు. ఇచ్చిన యిరువురును మంచిమనస్సుతోనే యిచ్చిరి. అయినను పండుగ ముగియుసరికి ఆ గుడిసెలో మిగిలినది మేస్త్రి బాకీయు, వచ్చు సంవత్సరపు భయమును.

సంపదను గూర్చియు, ఈవిని గూర్చియు జగ్గయ్యపేట నేల మన కెన్నడో రెండు ఆనవాళ్ళు చూపియున్నది. పట్టణమునకీ పేరు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య జ్ఞాపకార్థము పెట్టినది. కాని ఊరిచెంతనున్న బౌద్ధస్తూపము అంతకంటె ఎన్నో శతాబ్దుల పూర్వపుది. 1882లో బర్జెస్ అను పురాతత్త్వవేత్త దానిని పరిశీలించెను. అక్కడ దొరకిన పలకలలో మిక్కిలి ప్రసిద్ధమైనది నేడు చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. దానిపై చక్రవర్తి యొకడు చేయి పైకెత్తి నిలిచియుండగా మేఘములనుండి చదరపు నాణెములు వానవలె కురియుచుండును. అతడు మాంధాతయని పండితులు చెప్పుదురు. బౌద్ధకథలలోని మాంధాతకు నాణెముల వాన కురిసినను తృప్తి కలుగలేదు; స్వర్గమున సగము దొరకినను చాలలేదు.

రెండవ యానవాలు అదే స్తూపమునకు చెందిన స్తంభములపై నున్నది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ పాలనసంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, సిద్ధార్థుడను శిల్పి వెలగిరి గ్రామపు మహాచైత్యమునకు అయిదు ఆయకస్తంభముల నిచ్చినట్లు వానిపై చెక్కబడియున్నది. తండ్రియు శిల్పియే. తల్లి, భార్య, కుమారుడు, కుమార్తె మొదలగు తనవారి పేర్ల నతడు దానితో జతపఱచెను. సర్వప్రాణుల హితసుఖములకై యిచ్చుచున్నట్లు చెప్పెను. రాతిస్తంభములు చౌకవి కావని యెవరైన నాక్షేపింపవచ్చును. నిజమే. నేను చూపదలచినది వేఱు. రాయి యెఱిగిన కుటుంబము రాయి నిచ్చినది. తన చేతిలోని విద్యకు సంబంధించినదానిని, ఇంటిల్లిపాదిని కలుపుకొని, ఇచ్చిన యీవి యది. ఇప్పటి మన యిండ్లలో పిల్లవాని కానుక తండ్రి జేబులోనుండి వచ్చి, దుకాణదారుని చేతితో చుట్టబడి, పిల్లవాని చేతిలో నరనిమిషము నిలిచి, మఱియొక పిల్లవానికి చేరుచున్నది. అందు పిల్లవాని పాలెంత?

క్రిస్మస్ శుభాకాంక్షల కార్డు పుట్టుక నిచ్చట చెప్పుకొనుట తగును. 1843లో లండను నగరమున హెన్రీ కోల్ అను నుద్యోగి, మిత్రులందఱికిని వేఱువేఱుగ జాబులు వ్రాయుటకు తీఱిక లేక, బొమ్మతో నొక కార్డు నచ్చొత్తించెను. మిగిలినవి ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు విక్రయించిరి. ఆనాటి కూలివానికి షిల్లింగు చిన్న సొమ్ము కాదు. (అదే సంవత్సరమున మన బందరులో నోబిల్ దొర పాఠశాల తెఱచెను, ఈ జిల్లాలో ఇంగ్లీషు చదువునకును, దానివెంట వచ్చిన పండుగ మర్యాదలకును అదియొక మొదలు.) అనగా నచ్చుకార్డు తీఱికలేనితనమునకు బదులుగ పుట్టినది. పెద్దలకు సొమ్మున్నను తీఱిక యుండదు గనుక కొని పంపుదురు. పిల్లల స్థితి సరిగా దీనికి విరుద్ధము. వారియొద్ద సొమ్ములేదు, మధ్యాహ్నము లున్నవి, చేతులున్నవి, ప్రక్కన కూర్చున్నవాని సంగతులన్నియు తెలిసిన కన్నులున్నవి. తమకు లేనిదానిని తల్లిదండ్రుల నడిగి తెచ్చి యియ్యవలెనని నేర్పుటకంటె, ఉన్నదానిని ఇచ్చుట నేర్పరాదా?

ఉన్నదనగా నేమి? ఈ సీమలోనే చూతము. ప్రత్తితీత దినములలో కొందఱు బాలికలు పది పదునైదు దినములు బడికి రారు. రాకుండుట తప్పేయైనను రాకున్న మాట నిజము. తిరిగి వచ్చునప్పటికి లెక్కలలో రెండధ్యాయములు దాటిపోయియుండును. అట్టి స్నేహితురాలి పేరు చీటీలో వచ్చిన బాలిక, ఆ దినముల పాఠములన్నిటిని మంచి దస్తూరితో నొక నోటుపుస్తకములో వ్రాసి, అట్టవేసి, పేరు వ్రాసి యిచ్చెననుకొందము. ఖర్చు నోటుపుస్తకము వెల మాత్రమే. అంతకంటె పనికివచ్చు వస్తువు నందిగామ బజారంతయు వెదకినను దొరకునా? అదియుగాక, వ్రాసిన బాలికకు పాఠము రెండవమా ఱొంటబట్టును. అచ్చనగాయ లాడు పిల్లకు మునేటి యిసుకలో నేఱిన గుండ్రాళ్ళు, అన్నియు నొక్క పరిమాణమున నుండునట్లు, స్నేహితురాలి యఱచేతిలో నిముడునట్లు, ఏఱి యిచ్చుట మఱియొకటి. ఏడింటిని సరిజూచి యేఱుటకు ఒక సాయంకాలము పట్టును. వెదురుబద్దలతోను రంగుకాగితముతోను చేసిన చిన్ననక్షత్రము, పెరటిలోని బంతివిత్తుల పొట్లము, క్రొత్త పుస్తకములకు పాత క్యాలెండరు కాగితముతో వేసిన యట్టలు, ఇట్లు చెప్పుకొని పోవచ్చును గాని జాబితా యిచ్చుట నా యుద్దేశము కాదు. జాబితాను చూచి యిచ్చినచో అదియు దుకాణమువంటిదే యగును. కొండపల్లి దూరము కాదు. పొణికికఱ్ఱతో చేసిన యొక చిన్న బొమ్మ కొనిపెట్టినను మంచిదే, అది మన జిల్లా పనివారి చేతిలోనిది. కాని కట్టడి వెలకు లోబడినప్పుడు మాత్రమే.

ఆలోచించి యిచ్చిన కానుక లన్నియు మంచివని మాత్ర మనరాదు. దీనిని కొంచెము నిదానించి చూడవలెను. చెప్పులు లేక బడికి వచ్చు స్నేహితుని చూచి, జాలిపడి, ఒకడు చెప్పులజత కొనితెచ్చి తరగతిలో నిచ్చెననుకొందము. అతడు గమనించెను, అక్కఱ నెఱిగెను, ప్రేమతో నిచ్చెను. ఐనను పెట్టె తెఱచిన క్షణమున తరగతిలోని నలువది కన్నుల జతలును ఆ పిల్లవాని వట్టికాళ్ళను చూచును. అంతవఱకు చూడనివారును చూతురు. చెప్పు లియ్యవద్దనుట లేదు. ఆ పని పండుగనాడు బల్లమీద జరుగరాదు. ఉపాధ్యాయుడో, తల్లియో, ఒక సాయంకాలము గుట్టుగ చేయవలెను. క్రిస్మస్ తాతకు మూలపురుషుడని చెప్పబడు మైరా పట్టణపు బిషప్పు నికొలసును గూర్చిన ప్రాచీనకథలో, పేదతండ్రి మువ్వురు కుమార్తెల పెండ్లికై యాయన రాత్రివేళ కిటికీలోనుండి బంగారపుమూటలు విసరి తప్పుకొనిపోయినట్లున్నది. పెద్దలు నికొలసును అనుకరింపదలచినచో రాత్రినికూడ అనుకరింపవలెను; మనము ఎఱ్ఱకోటును మాత్రము పట్టుకొంటిమి. పిల్లల నడుమ నడచు కానుక స్నేహితుని లేమిని చూపరాదు. అతని కిష్టమైనది, అతనికి చేతనైనది, అతడు నవ్వునది, అట్టిదానిని వెదకవలెను.

కలవారి యింటినుండి రెండాక్షేపణలు వచ్చును. మొదటిది, "మాకున్నది, మా బిడ్డ ప్రేమకొలది యిచ్చును, ప్రేమకు కట్టడి యేల?" అనునది. ప్రేమకు కట్టడి లేదు, సొమ్మునకే. ఆ బిడ్డ యంతటి ప్రేమగలదైనచో మూడు సాయంకాలములు కూర్చుండి యొక వస్తువు చేయనిండు. రెండవది కొంచెము సూక్ష్మమైనది: చౌకకానుక పేదవాని చేతిలో త్యాగము, కలవాని చేతిలో పిసినిగొట్టుతనము కాదా? అగును, ఆలోచన లేనప్పుడు. డజను పెన్నులు మొత్తముగా కొని, ఒకటి తీసి యెవరిపేరు వచ్చిన వారికిచ్చుట చౌకయే గాని కానుక కాదు. కట్టడి వెల కలవాని బిడ్డకే యెక్కువ పని పెట్టును. సొమ్ముతో తప్పించుకొనుటకు వీలులేదు గనుక.

బేత్లెహేమునకు జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చిరని మనము పాడుకొందుము. గొఱ్ఱెలకాపరు లేమి తెచ్చిరో సువార్తలో లేదు. వారు వచ్చిరి, చూచిరి, దేవుని స్తుతించుచు మందలయొద్దకు తిరిగిపోయిరి. వారిని వట్టిచేతులతో వచ్చితిరని యెవరు నడుగలేదు.

ఇంతవఱకు ఇచ్చుటను గూర్చియే చెప్పితిని. ఈ సీమలో అంతకంటె కఠినమైన ప్రశ్న పుచ్చుకొనుటను గూర్చినది. నందిగామ చెంతనున్న రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాలకులస్థుడు, 1859 ప్రాంతమున బెజవాడలోని మిషనరీ డార్లింగు ద్వారా క్రైస్తవుడై, తనవారి నెందఱినో ఆ మార్గమునకు తెచ్చెను. ఇచ్చటి పల్లెలలోని సంఘములలో ననేకము అట్లు అంటరానివారని త్రోయబడిన వాడలలో మొదలైనవే. తెలుగు క్రైస్తవుల యిండ్లలో క్రిస్మస్ పండుగ కరిసెలు వండుదురు, ఇరుగుపొరుగువారికి పంచుదురు. పంచుటకు వా రెన్నడును వెనుదీయలేదు. కాని అరటిపండ్లు పుచ్చుకొని అరిసెలు త్రిప్పిపంపు మర్యాద యొకటి ఊళ్ళలో చాలకాలము నడచినది. పచ్చివస్తువునకు దోషము లేదట, వండినదానికి కలదట! కొన్ని యిండ్లలో నది నేటికిని తీఱలేదని మన మెఱుగుదుము. ఇప్పుడు త్రిప్పిపంపరు, నవ్వుచు పుచ్చుకొని పనిమనిషికి పెట్టుదురు. పద్ధతి నాగరికమైనది, అంతే.

బడిలో ఆ యింటి బిడ్డయు, ఈ యింటి బిడ్డయు ఒక్క పొట్లములోని యరిసె విఱిచి తిందురు. సాయంకాలము స్నేహితురాలి తల్లి పంపిన యరిసెలను తన తల్లి పెరటి గట్టుమీద పెట్టించుట ఆ బిడ్డ చూచినచో, చీటీలాట నేర్పినదంతయు అక్కడ నాగిపోవును. కానుకకు వెల యింతయని పాఠశాల కట్టడి చేయవచ్చును. పుచ్చుకొన్న యరిసె నింటివారు తినవలెనని కట్టడి చేయలేదు. అది గృహిణుల చేతిలోని పని. కుచేలుని యటుకులను కృష్ణుడు తీసి యెత్తిపెట్టలేదు. అక్కడికక్కడే నోట వేసికొనెను.

ఉపాధ్యాయులకు రెండు చిన్న సూచనలు చేసెదను. కానుకలను తరగతిలో విప్పింపక, చుట్టినవి చుట్టినట్లే యిండ్లకు పంపవలెను. విప్పి చూచు వేడుక తల్లియెదుట జరుగవచ్చును. మఱియు చీటీలను సెలవులకు మూడునాళ్ళ ముందు గాక, నెల మొదటివారముననే తీయింపవలెను. తమ పేరును కూడ నొక చీటీపై వ్రాసి డబ్బాలో వేయవలెను. మూడు దినముల గడువున్నచో ఎంతటి బిడ్డయైనను దుకాణమునకే పరుగెత్తును. మూడు వారములున్నచో మునేటి యొడ్డునకు పోయి గుండ్రా ళ్లేఱుటకు ఒక యాదివారము చిక్కును.